చలికాలం ట్రావెల్ ట్రైలర్‌తో క్యాంపింగ్‌కి వెళ్తున్నారా? ముందు కిందకి వంగి చూడండి

చలిలో ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) తీసుకెళ్తున్నాం అనగానే అందరూ దుప్పట్ల గురించి, హీటర్ గురించే అడుగుతారు. మనకి చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకుంటాం. ఫ్లోర్ కింద పోయే నీళ్ల పైపుకి, సింక్ వెనక మూలన ఉన్న ఎల్బోకి (పైపు మలుపు జాయింటుకి), ట్యాంకు వాల్వుకి చలేస్తే మాత్రం పొద్దున కుళాయి తిప్పేదాకా ఎవరికీ తెలియదు.

మా మొదటి చలికాలం ట్రిప్పులో జరిగింది చెప్తాను. గ్యాస్ మిగులుతుంది కదా అని ఫర్నేస్ (గ్యాస్‌తో వేడి గాలి ఊదే హీటర్) ఆపేసి, కరెంటు హీటర్ ఒక్కటే పెట్టుకుని పడుకున్నాం. లోపల ఎంత వెచ్చగా ఉందంటే పిల్లలు నిద్రలో దుప్పట్లు తన్నేశారు. తెల్లారి స్టవ్ మీద నీళ్లు పెడదామని కుళాయి తిప్పితే ఒక్కసారి బుస్సుమని గాలొచ్చి ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండకి కాస్త కరిగాక సింక్ కింద అర తలుపు తీసి చూస్తే ప్లాస్టిక్ ఎల్బో మీద వెంట్రుకంత సన్నటి చీలిక, అందులోంచి చుక్కచుక్కగా నీళ్లు, కింద ప్లైవుడ్ అప్పటికే ఉబ్బిపోయి ఉంది. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ జాయింట్లు ఆగవు.

లోపల అంత వెచ్చగా ఉంటే పైపు ఎలా గడ్డకట్టిందని నాకూ చాలాసేపు అర్థం కాలేదు. అడుగుభాగం మూసి ఉండే చాలా ట్రైలర్లలో ఫర్నేస్ ఊదే వేడి గాలిలో కొంత డక్ట్ (గాలి గొట్టం) గుండా ఫ్లోర్ కిందకి, ట్యాంకులు ఉన్న చోటికి పోతుంది. కరెంటు హీటర్ గదిని వెచ్చగా ఉంచితే గది వేడిని బట్టి పనిచేసే థర్మోస్టాట్ ఫర్నేస్‌ని ఆన్ చేయదు, అంటే మనం పైన హాయిగా పడుకున్నంతసేపూ కింద పైపులకి చుక్క వేడి అందదు. కాబట్టి కరెంటు హీటర్ తోడుగా మాత్రమే ఉండాలి, రాత్రి ఫర్నేస్ మధ్యమధ్యలో నడవాల్సిందే. సింక్ కింద తలుపులు రాత్రంతా తెరిచి ఉంచండి. సెన్సర్ విడిగా ఉండే థర్మామీటర్ ఒకటి కొని, ఆ సెన్సర్‌ని కింద ట్యాంకుల దగ్గర కట్టుకుంటే అక్కడ ఎంత చల్లగా ఉందో మంచం మీదనుంచే తెలుస్తుంది. నేను ఈ సీజన్ కోసం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే.

ట్రైలర్ మీద అన్ని కాలాలకీ పనికొస్తుందని స్టిక్కర్ ఉంటే చాలనుకోకండి. టార్చి పట్టుకుని కిందకి దూరి చూడండి: అడుగున కవర్ ఉందా, ఎక్కడన్నా చిరిగిందా, డ్రెయిన్ వాల్వులు కవర్ లోపల ఉన్నాయా లేక బయట గాలికి వేలాడుతున్నాయా. ఒకేచోట వారం పైగా ఉండేటట్లయితే చుట్టూ ఫోమ్ షీట్లు నేల దాకా కట్టి కిందనుంచి గాలి కొట్టకుండా ఆపండి, కాకపోతే ఫర్నేస్ పొగ గొట్టానికి మాత్రం అవి అడ్డం రాకూడదు.

అన్నిటికంటే ముందు గడ్డకట్టేది బయట కుళాయికి తగిలించిన గొట్టం. పగలు ట్యాంకు నింపేసుకుని, గొట్టం ఊడదీసి, అందులో నీళ్లన్నీ వంచేసి లోపల పెట్టుకోండి, రాత్రికి ట్యాంకు నీళ్లు పంపుతో వాడుకోవచ్చు. మురుగు ట్యాంకుల వాల్వులు ఎప్పుడూ మూసే ఉంచండి, దాదాపు నిండాక ఒకేసారి వదలండి. తెరిచి ఉంచితే సన్నగా కారే నీళ్లు గొట్టంలోనే పొరలుపొరలుగా గడ్డకట్టి దారి మూసేస్తాయి. మురుగు ట్యాంకుల్లో, సింక్ కింద వంపు పైపుల్లో ఆర్‌వీల (ఇలాంటి ఇంటి బళ్ల) కోసం అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (నీళ్లు గడ్డకట్టనివ్వని ద్రవం) కొంచెం పోస్తే మంచిది. అది ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినదో కాదో డబ్బా మీద చదివే కొనండి. కారు రేడియేటర్‌లో పోసేది సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్, అది విషం, నీళ్ల పైపుల దగ్గరికి రానివ్వొద్దు. రెండు రాత్రుల ట్రిప్పే అయితే నా సలహా ఇంకా తేలిక: పైపులన్నీ ఖాళీ చేసి, వాటర్ హీటర్ కూడా వంచేసి, క్యాన్లలో నీళ్లు పట్టుకెళ్లండి. వాటర్ హీటర్‌లో నీళ్లు వదిలే బిరడా (డ్రెయిన్ ప్లగ్) తీసేముందు అది పూర్తిగా చల్లారాలి, ప్రెషర్ వదిలెయ్యాలి, లేకపోతే వేడినీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.

ఇప్పుడు గాలి సంగతి. ఇక్కడ పైపు కాదు, ప్రాణం పోతుంది, అందుకే దయచేసి ఈ భాగం తొందరగా దాటేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. వంట స్టవ్ వెలిగించి గది వేడి చేసుకోవడం, జనరేటర్‌ని కిటికీ పక్కనో గుడారం లాంటి పందిరి కిందో పెట్టడం, మంచు పడి ఫర్నేస్ పొగ గొట్టం మూసుకుపోవడం, ఈ మూడూ ఒకటికి ఒకటి తీసిపోవు. జనరేటర్ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ట్రైలర్‌కి దూరంగా అవతలి వైపు పోయేలా ఉండాలి. మంచు కురిసిన రోజు నిద్ర లేవగానే, పడుకోబోయే ముందు ఒకసారి బయటికెళ్లి పొగ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ లీక్ అలారం రెండిటికీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి, వెనక ఉన్న గడువు తేదీ కూడా చదవండి, మోగినంత మాత్రాన లోపలి సెన్సర్ బాగున్నట్టు కాదు. ఉన్నట్టుండి ఇంట్లోవాళ్లందరికీ తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే జలుబేమో అనుకోకండి, ముందు అందరూ బయటికి రండి, ఫోన్ తర్వాత.

కరెంటు హీటర్ ప్లగ్ గోడలో ఉన్న సాకెట్‌కే నేరుగా పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. గంట తర్వాత ప్లగ్ ముట్టుకుని చూడండి, వేడెక్కి ఉంటే వెంటనే ఆపేయండి.

చలేస్తోందని అన్నీ బిగించేసుకుంటే చెమ్మ మొదలవుతుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఫర్నేస్‌ది బయటికి పోతుంది, స్టవ్‌ది మాత్రం గదిలోనే ఉండిపోతుంది. దానికి మన ఊపిరి, తడి బట్టలు తోడు. పొద్దున్నే కిటికీలు కారుతుంటే అందరూ చూస్తారు గానీ పరుపు ఎత్తి ఎవరూ చూడరు. మేం నాలుగో రోజు ఎత్తితే కింద ప్లైవుడ్ చేతికి తడిగా తగిలింది, మూలన నల్లగా బూజు. పైకప్పు వెంట్ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి, వంట చేసేటప్పుడు ఫ్యాన్ వేయండి, పరుపు కింద గాలి ఆడేలా పలకలు పరవండి. వేడి కొంత పోతుంది, నిజమే, పోనివ్వండి.

గ్యాస్ విషయంలో రెండు మాటలు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది, బ్యూటేన్ మాత్రం సున్నా దగ్గరికొచ్చేసరికి ద్రవంగానే ఉండిపోతుంది, కాబట్టి మీ సిలిండర్‌లో ఏది నింపారో అడిగి తెలుసుకోండి. సిలిండర్ అడుగంటుతున్నప్పుడు చలిలో గ్యాస్ సరిగా రాదు, అందుకని నిండుది ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. సిలిండర్‌ని లోపలికి తేవడం, మంటతో వేడి చేయడం లాంటివి అస్సలు చేయకండి.

గ్యాస్ నిండా ఉన్నా బ్యాటరీ పడిపోతే ఫర్నేస్ ఫ్యాన్ తిరగదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ సున్నా డిగ్రీల దగ్గర సుమారు ఐదో వంతు శక్తి కోల్పోతుంది, పూర్తిగా దిగిపోయినదైతే గడ్డకట్టి పగిలిపోగలదు కూడా. మీది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే సున్నా కంటే తక్కువలో ఛార్జ్ పెట్టొద్దు, హీటింగ్ ఉన్న రకం అయితే తప్ప.

రోడ్డు మీద టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి, చలికి అది తగ్గుతుంది. నల్లగా మెరిసే పల్చటి మంచు వంతెనల మీద ముందుగా ఏర్పడుతుంది, అక్కడ గట్టిగా బ్రేక్ కొడితే ట్రైలర్ పక్కకి తిరిగి మనల్నీ లాగేస్తుంది. జారే రోడ్డు మీద ట్రైలర్ బ్రేక్ సెట్టింగ్ తగ్గించి, వేగాన్ని దానంతట అదే నిలిపే క్రూజ్ కంట్రోల్ ఆపేసి, ముందు బండికి మామూలుకంటే చాలా ఎక్కువ దూరం వదలండి. వాన పడి గడ్డకట్టే సూచన ఉందంటే ఆ రోజు బయల్దేరకండి, ఒక రోజు సెలవు పోతే పోయింది.

దిగగానే చక్రాల కింద, జాక్‌ల కింద చెక్క పలకలు పెట్టండి, లేకపోతే నేలకి అతుక్కుపోతాయి. తిరిగొచ్చే రోజు స్లయిడ్ అవుట్ (ట్రైలర్‌లోంచి బయటికి జరిగే గది భాగం) మీద మంచు, గడ్డలు అన్నీ తుడిచాకే లోపలికి లాగండి. పైకప్పు మీదున్నది పొడవు కర్ర ఉన్న మెత్తటి బ్రష్‌తో కిందనుంచే లాగేయండి, జారే నిచ్చెన ఎక్కొద్దు. అలాగే వదిలేస్తే స్పీడు అందుకున్నాక ఆ మంచు పలకల్లా ఎగిరి వెనక వచ్చేవాళ్ల అద్దం మీద పడుతుంది.