గరాజ్‌లోకి బ్యాండ్‌సా తెచ్చుకునే ముందు గోడ మీద ప్లగ్గు చూడండి

మొన్న మా డాలస్ వైపే కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, బ్యాండ్‌సా వచ్చింది, చెక్క పెట్టగానే మూలుగుతోంది" అన్నాడు. బ్యాండ్‌సా అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో చెక్క కోసే కరెంటు రంపం. వెళ్ళి చూస్తే బల్ల మీద పెట్టుకునే 9 అంగుళాల బుల్లి మిషన్. మోటార్ రెండున్నర యాంపులు, కింద బల్ల నుంచి పైన బ్లేడుని పక్కకి పోకుండా పట్టే గైడు దాకా మూడున్నర అంగుళాల ఎత్తు. ఆయన కోద్దామనుకున్నదేమో పూజ మందిరం తలుపులకని తెచ్చిన వాల్‌నట్ పలక, వెడల్పు 8 అంగుళాలు. అది నిలబెడితే అసలు లోపలికే దూరదు. ఫొటోలో మాత్రం పెద్ద మిషన్లాగే కనిపిస్తుంది, ఆ మాటకొస్తే అన్నీ ఫొటోలో పెద్దవే. రిటర్న్ చేద్దామంటే డబ్బా చింపి చెత్తలో పడేశాడు. ఇలాంటివి చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను, కాస్త గొంతు పెంచితే ఏమనుకోకండి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు ఇది చదివి లాభం లేదు. మీ ఊళ్ళో మేకర్‌స్పేస్‌గానీ వడ్రంగం క్లబ్‌గానీ ఉందేమో వెతుక్కోండి, చాలా ఊళ్ళలో ఉంటాయి. నెలకింత కట్టి వాళ్ళ మిషన్ మీద నేర్చుకోవచ్చు. సొంత గరాజ్ ఉన్నవాళ్ళు కూర్చోండి.

అందరూ నన్ను అడిగేది "ఏ బ్రాండ్ అన్నా?" అని. నేను తిరిగి అడిగేది "మీ గరాజ్ ప్లగ్గు ఎన్ని యాంపులు?" అని. ఒక్కరికీ తెలియదు. ఇంటికి లోన్ వడ్డీ పాయింట్లో ఎంతో చెప్తారు, బ్రేకర్ మీద రాసిన అంకె మాత్రం చూడరు!

మన ఊళ్ళో టింబర్ డిపోలో టేకు దుంగల్ని చీల్చే పెద్ద బ్యాండ్‌సా మూడు ఫేజుల కరెంటు మీద నడుస్తుంది, ఇంట్లో మామూలు ప్లగ్గులో కూడా 230 వోల్టులు వస్తాయి. ఇక్కడ అమెరికాలో గోడ ప్లగ్గులో వచ్చేది 120. వోల్టులు సగం కాబట్టి అదే పనికి రెట్టింపు యాంపులు లాగాలి, ఆ యాంపులకేమో బ్రేకర్ 15 దగ్గరో 20 దగ్గరో అడ్డం పడుతుంది. బ్యాండ్‌సా ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది. డబ్బా మీద హార్స్‌పవర్ అని ఏది రాసినా నమ్మకండి, మోటార్ మీద చిన్న రేకు అతికించి ఉంటుంది, దాని మీద యాంపులు చూడండి. వాటిని 120తో గుణిస్తే వాట్లు వస్తాయి. వేడికీ వృథాకీ పోగా సుమారు 70 శాతం పనిలోకి వస్తుందనుకుని, దాన్ని 746తో భాగించండి. పది యాంపుల మోటార్ అయితే 1,200 వాట్లు, అందులో పనికొచ్చేవి 840, అంటే ఒక హార్స్‌పవర్ కంటే కాస్త ఎక్కువ. 15 యాంపులకు ఇదే లెక్క వేస్తే 1.7 దగ్గర ఆగుతుంది. 120 వోల్టుల మీద నడిచే 14 అంగుళాల మిషన్లు పెద్దవైనా 1.75 హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే. మామూలు ప్లగ్గుకి పెట్టి మూడు హార్స్‌పవర్ అంటూ ఎవరైనా అమ్మితే నవ్వి ఊరుకోండి.

వంపులు కోయడానికీ, ఒక అంగుళం మందం చెక్కకీ ఒక హార్స్‌పవర్ హాయిగా సరిపోతుంది. పలకను నిలువుగా నిలబెట్టి రెండు పలుచటి పలకలుగా చీల్చాలంటే, అంటే రీసా చేయాలంటే, ఒకటిన్నర ఉండాలి. రెండు ఉంటే ఇంకా మంచిది గానీ దానికి 240 వోల్టులు కావాలి.

నా మొదటి నెలలు ఎలా గడిచాయో చెప్తాను. మాది పాత ఇల్లు. అలాంటి ఇళ్ళలో గరాజ్ ప్లగ్గు, బాత్రూమ్ ప్లగ్గు, వెనక ప్యాటియో ప్లగ్గు మూడూ ఒకే తీగ మీద, ఒకే జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ప్లగ్గు) మీద ఉండటం మామూలే. మేము కొనేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోనూ లేదు. నేను గరాజ్‌లో మోటార్ వేస్తే మేడ మీద మా ఆవిడ హెయిర్ డ్రయర్ ఆగిపోయేది, తను వేస్తే ఇక్కడ నా బ్లేడు చెక్కలో ఇరుక్కుని ఆగేది. అది నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. అసలు దెబ్బ వేరే. మన తెలుగిళ్ళలో గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉంటుంది కదా, దోసెల పిండి, గోంగూర, రొయ్యల ప్యాకెట్లు అన్నీ అందులోనే. అదీ ఆ తీగ మీదే. శుక్రవారం రాత్రి బ్రేకర్ పడిపోయింది, నేను లైట్ ఆర్పి పడుకున్నాను, ఆదివారం వాసన వస్తే గానీ ఎవరికీ తెలియలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, చూసి పోవడానికే బిల్లు వేసి, కొత్త తీగ లాగడానికి ఇంకో రోజు వస్తానన్నాడు.

కాబట్టి మిషన్ వెతకడానికి ముందు బ్రేకర్ పెట్టె తలుపు తీయండి. గరాజ్ బ్రేకర్ ఒక్కొక్కటే ఆపి, ఇంట్లో ఏవేవి ఆగాయో తిరిగి చూసి రాసుకోండి. ఈ మధ్య కట్టిన ఇళ్ళలో గరాజ్‌కి విడిగా 20 యాంపుల తీగ ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు మీకు సగం టెన్షన్ లేనట్టే. పాత ఇల్లైతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత విడిగా తీగ వేయించుకోండి. పర్మిట్ కావాలేమో సిటీని అడగండి, సొంతంగా పెట్టెలో వేళ్ళు పెట్టకండి. కరెంటు కారు కొనే ఆలోచన ఉంటే ఇంకా సులువు, చార్జర్ కోసం ఎలాగూ 240 వోల్టుల తీగ లాగిస్తారు, అదే రోజు మిషన్‌కి కూడా 240 పాయింట్ ఒకటి విడిగా పెట్టమనండి. రెండుసార్లు పిలిస్తే రెండుసార్లు బిల్లు. 14 అంగుళాల మిషన్లు చాలావాటికి మోటార్ రెండు వోల్టేజీలకూ కలుపుకునేలా ఉంటుంది. 240కి మారిస్తే యాంపులు సగమవుతాయి. బలం అంతే, నెల బిల్లు కూడా అంతే, అది తగ్గుతుందని ఎవరో చెప్పారని నాతో వాదించకండి.

ఎక్స్‌టెన్షన్ తీగ గురించి కూడా చెప్పేస్తాను. వాడకుండా ఉంటే మంచిది, తప్పకపోతే 12 గేజ్, వీలైనంత పొట్టిది. ఇక్కడ గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. క్రిస్మస్ లైట్లకి కొన్న 16 గేజ్ సన్న తీగకి పెట్టి రీసా చేస్తే వోల్టేజీ పడిపోతుంది, మోటార్ కాలుతుంది. ఇంకొకటి, ఇండియా నుంచి కంటైనర్‌లో సామాను తెచ్చుకునేవాళ్ళు అక్కడి మోటార్ మిషన్లు తేవద్దు. 50 హెర్ట్జ్ మోటార్ ఇక్కడి 60 మీద 20 శాతం వేగంగా తిరుగుతుంది, దానికి ట్రాన్స్‌ఫార్మర్ మందు కాదు. ఉలులు, చిత్రికలు తెచ్చుకోండి, వాటికి కరెంటుతో పని లేదు. ఇంగ్లండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళకి ఈ గోలంతా లేదు, అక్కడా 230, 50 హెర్ట్జే. అదృష్టవంతులు, కింద పేరా నుంచి చదువుకోండి.

ఇక మిషన్. సైజు అంటే చక్రం వ్యాసం. 14 అంగుళాలంటే బ్లేడుకీ ఫ్రేముకీ మధ్య పదమూడున్నర అంగుళాల చోటు ఉంటుందన్నమాట. ఎంత ఎత్తు చెక్క పడుతుందన్నది వేరే లెక్క, దాన్ని విడిగా చూడాలి. పాత పద్ధతి పోత ఇనుము ఫ్రేములో సాధారణంగా 6 అంగుళాలే. దానికి రైజర్ బ్లాక్ అని ఒక ముక్క మధ్యలో బిగిస్తే 12 అవుతుంది, అప్పుడు బ్లేడు పొడవు తొంభై మూడున్నర నుంచి 105 అంగుళాలకు మారుతుంది. ఉన్న బ్లేడులన్నీ పక్కన పెట్టాల్సిందే. ఉక్కు రేకులు వెల్డింగ్ చేసిన ఫ్రేములు కొన్నిటికి మొదటి నుంచే 12, 13 అంగుళాలు ఉంటుంది. ఇంటి పనికి, డబ్బుంటే, నేను చెప్పేది ఈ రెండో రకమే. రైకన్, లగూనా, జెట్, గ్రిజ్లీ అన్నీ 14 అంగుళాలవి అమ్ముతాయి, వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల మధ్యలో బేరం తేలుతుంది. వాటిల్లో ఏది గొప్పదని కొట్టుకోవడం నాకు ఓపిక లేదు. ఫ్రేము గట్టిదా కాదా, అదొక్కటే చూడండి. బ్లేడు తిన్నగా కోయాలంటే బాగా బిగించి లాగి పట్టాలి, అలా బిగిస్తే ఫ్రేము వంగకూడదు. మెత్తటి ఫ్రేముకి ముప్పావు అంగుళం వెడల్పు బ్లేడు వేస్తే అది వదులుగానే ఉండిపోతుంది, కోత మధ్యలో ఉబ్బుతుంది, మీరేమో ఫెన్స్‌ని, అంటే చెక్కని ఆనించి తోసే పట్టీని, తిడతారు. 14 అంగుళాల మిషన్‌కి అర అంగుళం బ్లేడు చాలు.

దుకాణానికి వెళితే ప్లగ్గు తీయించి, పై చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. పక్కకి ఊగకూడదు, గరగరమనకూడదు. బ్లేడు గైడ్లు పైకీ కిందకీ జరిపి చూడండి, జరిపినప్పుడు బ్లేడుతో వాటి దూరం మారిపోతుంటే ఆ స్తంభం వంకర. గైడ్లు బేరింగులా, సిరామిక్కా అన్నది పెద్ద విషయం కాదు. బిగింపు వదలడానికి వెనక ఒక లివర్ ఉంటే అది పెద్ద విషయం, పని అయ్యాక రోజూ వదులు చేయాలి కాబట్టి. పాత మిషన్లు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో బాగా దొరుకుతాయి, పాత డెల్టా కంపెనీది అయితే తుప్పు పట్టినా బాగుపడుతుంది. చక్రాల రబ్బరు పగిలిందా చూసుకోండి, అది చవకే. ఫ్రేము పగిలితే మాత్రం వచ్చేయండి.

బ్లేడు గురించి. మిషన్‌తో వచ్చినదాన్ని బట్టి మిషన్‌ని తిట్టకండి. రీసాకి అర అంగుళం, అంగుళానికి 3 పళ్ళది. వంపులకి పావు అంగుళం, 6 పళ్ళది. పావు అంగుళం బ్లేడు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల వ్యాసార్ధం దాకా తిరుగుతుంది, అర అంగుళం బ్లేడుకి రెండున్నర అంగుళాలు కావాలి. పన్నెండు పళ్ళ బ్లేడు వేసి ఆరంగుళాల చెక్క తోస్తే పళ్ళ సందుల్లో పొట్టు నిండిపోయి కాలిన వాసన వస్తుంది, అప్పుడు మోటార్ బలం లేదని నాకు ఫోన్ చేయకండి.

తెచ్చేటప్పుడు ఒక సంగతి. మిషన్ 200 పౌండ్ల పైనే, అంటే 90 కిలోలు. లారీవాడు డ్రైవ్‌వే చివర దించి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు, లోపల పెట్టడం వాడి పని కాదు. మనుషుల్ని ముందే పిలిచి పెట్టుకోండి, కింద చక్రాల బేస్ కొనండి. మీ కాలనీలో హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే రాత్రి శబ్దం మీద ఏం రాశారో చదువుకోండి.

పొట్టు మాట తేలిగ్గా తీసుకోకండి. ఊళ్ళో వడ్రంగులు చెట్టు కింద కూర్చుని పని చేస్తారు, గాలికి పోతుంది. ఇక్కడ మూసిన గరాజ్, పక్కనే వంటింటి తలుపు. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1995లోనే వర్గీకరించింది. మిషన్‌కి 4 అంగుళాల గొట్టం పెట్టే రంధ్రం ఉండాలి, దానికి డస్ట్ కలెక్టర్, మీ మొహానికి మాస్కు. చేతికి కట్టుకున్న తోరం, కాశీ తాడు, ఉంగరం, పొడుగు చేతుల చొక్కా, చున్నీ, మెళ్ళో గొలుసు అన్నీ తీసి లోపల పెట్టి రండి. తాడు తీయనంటే మిషన్ వేయకండి. గ్లవ్స్ కూడా వద్దు. పై గైడుని చెక్కకి పావు అంగుళం ఎత్తు దాకా దించాకే స్విచ్ వేయాలి.

ఇంత చదివాక కొందరు వద్దులే అనుకుంటారని తెలుసు. సరే, అదీ చెప్తాను. గరాజ్‌లో పెట్టుకునే పెద్ద రంపాల్లో భయం తక్కువ ఉన్నది ఇదే. బల్లలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచే టేబుల్ సా లాగా చెక్కని మన మీదకి విసరదు, బ్లేడు పై నుంచి కిందకి దిగుతుంది కాబట్టి చెక్క బల్లకే అణుగుతుంది. వేలు అడ్డం పెడితే మాత్రం దానికి ఎముకైనా ఒకటే, ఇక్కడి మాంసం దుకాణాల్లో కోసేది ఇలాంటి మిషన్‌తోనే. మంచి 14 అంగుళాలది కొంటే డబ్బు పెద్దగా పోదు, ఊరు మారాల్సి వచ్చి అమ్మేస్తే కొనేవాళ్ళు దొరుకుతారు. సర్దుబాట్లు మొదట్లో చిరాకు పెడతాయి, తర్వాత చేతికి అలవాటవుతాయి, అందరికీ వచ్చాయి, మీకూ వస్తాయి.

వాల్‌నట్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఇంటి సామాను దుకాణంలో పైన్ టూ బై ఫోర్ ఒకటి తెచ్చుకోండి, పేరుకి రెండు, నాలుగు గానీ కొలిస్తే ఒకటిన్నర, మూడున్నరే ఉంటుంది, వాడు మోసం చేశాడని తిరిగి వెళ్ళి గొడవ పడకండి. దాన్ని నిలబెట్టి, పెన్సిల్ గీత గీసి, గీత వెంబడే మెల్లగా తోయండి. బ్లేడు పక్కకి పోతుంటే ముందు బిగింపు, ఆ తర్వాత గైడ్లు, అప్పటికీ కుదరకపోతే ఫెన్స్. ఆ వరసలోనే చూడండి, మూడూ ఒకేసారి కదిపితే ఏది సరిపోయిందో మీకే తెలియదు.