పన్నీరు సీసా కొనే ముందు వెనక్కి తిప్పి చూడండి

రోజ్ వాటర్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. గులాబీ రేకులను నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చినప్పుడు పైన తేలేది గులాబీ నూనె, కింద మిగిలేది అసలైన పన్నీరు. దానికి రంగు ఉండదు. సీసాలో నీళ్లు గులాబీ రంగులో ఉంటే చాలావరకు రంగు కలిపారనే అర్థం. వెనకాల పదార్థాల్లో ఫ్రాగ్రెన్స్ అని కనబడినా నేనైతే కొనను.

ముఖం కడుక్కున్నాక చల్లుకుని, ఆ తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. ఈ రెండో పని ముఖ్యం. ఉత్త పన్నీరు చల్లి వదిలేస్తే అది ఆరిపోయి చర్మం బిగుసుకున్నట్టు ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లు అలిసిపోతే, చల్లటి పన్నీటిలో తడిపి పిండిన దూదిని మూసిన రెప్పల మీద కాసేపు పెట్టుకోండి, ఎంత హాయిగా ఉంటుందో! కళ్లలో మాత్రం చుక్కలుగా వేయకండి. టెన్షన్‌గా ఉన్న రాత్రి దిండు మీద కాస్త చల్లుకున్నా మనసుకు బాగుంటుంది.

మొదటిసారైతే మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూడండి. ప్రిజర్వేటివ్ లేనిదైతే ఫ్రిజ్‌లోనే ఉంచాలి. వాసన మారినా, నీళ్లు మసకబారినా పారేయండి.