స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగడం) సర్జరీ మధ్యలో పిల్లల సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతే

బిడ్డ బోర్లా ఉండి, వీపు తెరిచి, స్క్రూలు బిగిస్తున్న సమయంలో సాచురేషన్ జారితే చాలామందికి వెంటనే వెల్లకిలా తిప్పేయాలనిపిస్తుంది. ఆగండి. చాలా కారణాలు బోర్లా ఉండగానే సరిచేయొచ్చు. తిప్పేందుకు ట్రాలీ మాత్రం కోత మొదలైనప్పటి నుంచి కుట్లు పడేదాకా థియేటర్ తలుపు దగ్గరే ఉండాలి.

ముందు సర్జన్‌ను చెయ్యి ఆపమనండి. ఆక్సిజన్ 100 శాతం పెట్టండి. నైట్రస్ ఆక్సైడ్ వాడుతుంటే కట్టేయండి, ఛాతీలో చేరిన గాలిబుడగను అది ఇంకా పెంచుతుంది. బ్యాగ్‌తో చేత్తో ఊపిరి ఇస్తూ ఎయిర్‌వే ప్రెషర్, ఎండ్ టైడల్ కార్బన్ డయాక్సైడ్ (ఊపిరి వదిలే చివర్లో వచ్చేది) కలిపి చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రెషర్ పెరిగిందా? ముందు శ్వాస ట్యూబ్ సంగతి చూడండి. సక్షన్ కాథెటర్ సాఫీగా దిగకపోతే ట్యూబ్ మడత పడి ఉండాలి, కఫం అడ్డుపడి ఉండాలి, లేదా బిడ్డ కొరుకుతూ ఉండాలి. మోటార్ ఇవోక్డ్ పొటెన్షియల్స్ (వెన్నుపాము పనిచేస్తోందో చూసే విద్యుత్ పరీక్ష) కోసం కండరాలు సడలించే మందు ఆపుతాం కాబట్టి ప్రతి స్టిమ్యులేషన్‌కూ దవడ బిగుసుకుంటుంది. మెత్తని బైట్ బ్లాక్ రెండు పక్కలా దవడపళ్ల మధ్య పెట్టాలి, ఒక పక్కే పెడితే చాలదు. మూసుకుపోయిన ట్యూబ్‌లోంచి గట్టిగా ఊపిరి లాగిన బిడ్డకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి గులాబీ రంగు నురగ రావచ్చు. అప్పుడు మత్తు లోతు చేసి పీప్ (ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో నిలిపే పీడనం) పెంచాలి. మెడ ముందుకు వంగినా ట్యూబ్ కిందికి జారి కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్లే గాలిగొట్టంలోకి) పోతుంది. ఫైబర్ స్కోప్‌తో చూస్తూ వెనక్కి లాగండి.

ట్యూబ్ బాగానే ఉంది, ప్రెషర్ మాత్రం ఎక్కుతోంది, బీపీ పడుతోంది అంటే న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం). పక్కటెముక ముక్క తీసిన తర్వాత, స్క్రూ పక్కకు తప్పినప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే. బోర్లా ఉన్నప్పుడు గాలి పైకి, అంటే వీపు వైపుకే చేరుతుంది. అందుకే అల్ట్రాసౌండ్ ప్రోబ్ గాయం పక్కనే పెట్టి లంగ్ స్లైడింగ్ (ఊపిరితో పాటు ఊపిరితిత్తి ఛాతీ గోడ మీద జారడం) ఉందో లేదో చూడండి. బీపీ కూలుతుంటే ఎక్స్‌రే కోసం ఆగొద్దు. 4వ లేదా 5వ పక్కటెముకల సందులో, చంక మధ్యగీతకు కాస్త ముందు, ఎముక పై అంచు మీదుగా సూది దించండి. ఫ్రేమ్ ప్యాడ్ అడ్డొచ్చి చెయ్యి దూరకపోతే సర్జన్ గాయంలోంచే ప్లూరా (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర) తెరవవచ్చు. గాలి బయటికొచ్చాక ఛాతీ డ్రెయిన్ వేయాలి.

ప్లూరా చిరిగిందేమోనన్న అనుమానం ఉంటే మూసేముందు గాయం నిండా గోరువెచ్చని సెలైన్ పోసి, 20–30 సెం.మీ. నీటి పీడనం దగ్గర ఊపిరి నిలిపి చూడండి. బుడగలొస్తే చిరుగు ఉన్నట్టే. రాకపోయినా ట్యూబ్ తీసేముందు ఎక్స్‌రే తప్పదు.

ప్రెషర్ మామూలుగా ఉండి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పడిపోతే ఎయిర్ ఎంబాలిజం (రక్తనాళాల్లోకి గాలి చేరడం) అనుకోండి. గాయాన్ని సెలైన్‌తో నింపి, ఎముక మీద తడి గాజుగుడ్డ కప్పి, వీలైతే టేబుల్ వంచి గాయాన్ని గుండెకన్నా కిందికి తేవాలి. గుండె ఆగితే బోర్లాగానే వీపు మీద కంప్రెషన్లు మొదలుపెట్టి, ఆలోగా ట్రాలీ లోపలికి తెప్పించండి.

పిల్లికూతలు, దద్దుర్లు, బీపీ పతనం కలిసొస్తే అనఫిలాక్సిస్ (తీవ్రమైన అలర్జీ): అడ్రినలిన్ కిలోకు 1 మైక్రోగ్రాము సిరలోకి ఇచ్చి, స్పందన చూస్తూ మళ్లీ ఇవ్వండి. రక్తం ఎక్కించిన 6 గంటల్లోపు రెండు ఊపిరితిత్తులూ ఎక్స్‌రేలో తెల్లబడితే TRALI (రక్తమార్పిడి వల్ల ఊపిరితిత్తికి కలిగే హాని) కావచ్చు. సంచి ఆపి బ్లడ్ బ్యాంక్‌కు వెంటనే చెప్పండి.