రిటైనింగ్ వాల్ డిజైన్ – పాఠం 3: కోత లేని కొలతలు

రిటైనింగ్ వాల్ అంటే వెనక మట్టి జారకుండా ఆపే గోడ. గత పాఠంలో దాని మీద పడే మట్టి ఒత్తిడి, పునాది వెడల్పు చూశాం. ఈసారి పొడవు, ఎత్తు. మేస్త్రీ ఊపిరితిత్తుల్లోకి ఎంత దుమ్ము పోతుందో సగం ఈ రెండు అంకెలే తేల్చేస్తాయి.

కాంక్రీటు బ్లాకును కటింగ్ మిషన్‌తో పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనపడని సన్న రేణువులే ప్రమాదకరం. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, వచ్చాక నయం కాదు. మొహానికి చుట్టిన తువ్వాలు ఆ రేణువుల్ని ఆపదు.

390×190×190 మి.మీ. హాలో (లోపల బోలుగా ఉండే) బ్లాకు తీసుకుందాం. 10 మి.మీ. సందు కలిపితే పొడవు 400, ఎత్తు 200. డ్రాయింగులో పొడవు 9.7 మీ., ఎత్తు 1.5 మీ. అని రాశారనుకోండి. ఎత్తుకు ఏడున్నర వరసలు పడతాయి, అంటే పై వరస బ్లాకులన్నీ కోయాల్సిందే. పొడవులో 24 బ్లాకులు పోను ప్రతి వరసకూ 100 మి.మీ. ముక్క కావాలి. అదీ కోతే.

పొడవు 9.59 మీ. చేయండి (24 బ్లాకులకు 9.6 మీ., చివర సందు ఉండదు కాబట్టి 10 మి.మీ. తక్కువ). పునాదిని 100 మి.మీ. దించి ఎత్తు 1.6 మీ. చేయండి. ఇప్పుడు ఎనిమిది నిండు వరసలు. వరస విడిచి వరస సగం బ్లాకుతో మొదలై సగం బ్లాకుతోనే ముగుస్తుంది. మొత్తం 188 నిండు బ్లాకులు, 8 సగం బ్లాకులు. సగం బ్లాకులు (190 మి.మీ.) పోతపోసేవాళ్లనే అడగండి, పగిలేవాటికి రెండు అదనంగా చెప్పండి. ఒక్కటి మరవొద్దు: బెండింగ్ మూమెంట్ (మట్టి ఒత్తిడి గోడను అడుగున వంచే ప్రభావం) ఎత్తు ఘనంతో పెరుగుతుంది. ఆ 100 మి.మీ.కే దాదాపు 21 శాతం ఎక్కువ, కాబట్టి స్టీలు లెక్క మళ్లీ వేయాలి. తప్పనిసరి కోతలుంటే బ్లేడు మీద నీళ్లు పడే మిషన్‌తోనే అని డ్రాయింగు మీదే రాయండి.

ఇక బరువు. ఇదే కొలత సాలిడ్ బ్లాకు 32 కిలోల దాకా తూగుతుంది, హాలో 18 దరిదాపుల్లో ఉంటుంది. అయినా నిలువు కడ్డీలు ముందే పూర్తి ఎత్తుకు నిలబెడితే ప్రతి బ్లాకునూ తల కంటే పైకి ఎత్తి, దాని బోలులోకి కడ్డీ దూరేలా దించాలి. భుజాలు, నడుము పోయేది అక్కడే. పునాదిలోంచి 12 మి.మీ. స్టార్టర్ కడ్డీలు (పునాదిలో నాటిన పొట్టి కడ్డీలు) 600 మి.మీ. మాత్రమే పైకి వదలండి. వరసలు లేచాక ప్రధాన కడ్డీని పైనుంచి బ్లాకుల బోలులోకి దించి గ్రౌట్ (పలుచటి కాంక్రీటు) పోయొచ్చు. ల్యాప్ పొడవు (రెండు కడ్డీలు పక్కపక్కన కలిసి ఉండే పొడవు) మీ కాంక్రీటు గ్రేడుకు సరిపోతుందో చూసుకోండి. స్టార్టర్ల కొసలకు టోపీలు పెట్టించండి, జారిపడితే గుచ్చుకుంటాయి.

అభ్యాసం: స్థలం 6.5 మీ., మట్టి ఎత్తు 1.25 మీ. కోత లేని కొలతలేవి? సగం బ్లాకులెన్ని?
జవాబు: 6.39 మీ., 1.4 మీ.; నిండు వరసతో మొదలుపెడితే 6.