గ్లేసియర్ (హిమానీనదం) మీద తాడు కట్టుకుని బృందంగా నడవడం ఎలా? విశాఖ నుంచి మంచు శిఖరాలకు వెళ్లేవాళ్లకు

బూట్లు, జాకెట్ల గురించి నెలల తరబడి చర్చించుకునే బృందాలు తాడు దగ్గరికి వచ్చేసరికి ‘అక్కడికెళ్లాక గైడ్ చూసుకుంటాడులే’ అంటాయి. సామాను సరిపోకపోతే మనాలిలో అద్దెకు దొరుకుతుంది. తాడు మీద నడవడం మాత్రం బయల్దేరకముందే చేతికీ కాలికీ అలవాటై ఉండాలి.

సామాను సంగతి త్వరగా ముగిద్దాం. మనిషికో హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీ), హెల్మెట్, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), బూటుకు సరిపోయే క్రాంపాన్లు (బూటు కింద బిగించే ఇనుప ముళ్లు), నాలుగు లాక్ కారాబైనర్లు (తాడు తగిలించే కొక్కేలు), 6 మి.మీ. ప్రూసిక్ తాళ్లు (పెద్ద తాడుకు చుట్టి కడితే బరువు పడగానే బిగుసుకునే చిన్న తాళ్లు) రెండు, 120 సెం.మీ. స్లింగ్ (కుట్టిన పట్టీ ఉచ్చు) ఒకటి, ముదురు రంగు కళ్లద్దాలు ఉండాలి. నలుగురికి 50 మీటర్ల డైనమిక్ (కుదుపుకు కాస్త సాగే) తాడు ఒకటి చాలు. ఫిషింగ్ హార్బర్ దగ్గర అమ్మే పడవ తాడు ఎంత లావుగా ఉన్నా వద్దు. నున్నటి ప్లాస్టిక్ తాడు మీద ప్రూసిక్ జారుతుంది. గ్యాస్ క్యాన్లు ఇక్కడ కొనకండి. రైల్లోనూ విమానంలోనూ అనుమతించరు. తిండికి అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, పల్లీ చిక్కీ తీసుకెళ్లండి. 4,500 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా అన్నం ఉడకదు. కుక్కర్ మోసుకెళ్లి బిర్యానీ వండేవాళ్లతో వాదించి లాభం లేదు.

మొదటిసారికి మనాలి దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీటర్లు) లాంటిది ఎంచుకోండి. స్థానిక గైడ్ తప్పనిసరి. అతను కాక బృందంలో కనీసం ఇద్దరు మనాలి, ఉత్తరకాశి, డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థల్లో ఎక్కడో ఒకచోట బేసిక్ కోర్సు చేసి ఉండాలి. 15 కిలోల బరువుతో సింహాచలం మెట్లెక్కితే మోకాళ్లు గట్టిపడతాయి తప్ప ఎత్తు అలవాటు కాదు. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకే చోట రెండు రాత్రులు ఉండాలి. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు మొదలైతే ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక తాడు. కొత్త మంచు కింద క్రెవాస్ (గ్లేసియర్‌లోని లోతైన పగులు) నోరు కనబడదు. పైన పలచటి మంచు వంతెన, కింద ఇరవై ముప్పై మీటర్ల లోతు ఉండొచ్చు. ఒకరు కూలితే మిగతా ముగ్గురి బరువు ఆపాలి. ఆపగలరా లేదా అన్నది ఆ క్షణంలో తాడు ఎంత వదులుగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. బిగువుగా ఉంటే పడ్డవాడు నడుములోతులోనే ఆగొచ్చు. మూడు మీటర్లు వదులుంటే ఆ మూడు మీటర్లూ స్వేచ్ఛగా పడి, ఆ ఊపుతో వెనకవాణ్ణి కూడా ఈడ్చుకెళ్తాడు.

నలుగురైతే మనిషికీ మనిషికీ మధ్య 10 మీటర్లు. రెండు కొసల్లో ఉన్నవాళ్లు ఫిగర్ ఆఫ్ ఎయిట్ ముడితో (8 అంకె ఆకారంలో ఉండేది), మధ్యవాళ్లు బటర్‌ఫ్లై ముడితో (తాడు మధ్యలో వేసే ఉచ్చు) హార్నెస్‌కు కట్టుకోవాలి. మిగిలిన 20 మీటర్లను రెండు సగాలు చేసి, మొదటివాడూ చివరివాడూ భుజానికి చుట్టి ముడి వేసుకోవాలి. ఎవరైనా పడితే పైకి లాగడానికి ఆ తాడే దిక్కు. ఎనిమిది మంది వెళ్తే రెండు తాళ్లు కట్టండి, ఒకే తాడుకు ఎనిమిది మందిని కట్టకండి.

తాడు మధ్యభాగం మంచును తాకీ తాకనట్టు ఉండాలి. ముందువాడి నడుమును వెనక్కి లాగుతుంటే ఎక్కువ బిగించినట్టు, పాము మెలికలు కనబడితే వదులైనట్టు. వదులు కనిపిస్తే దాన్ని చేతిలో చుట్టలుగా పట్టుకుని నడిచేవాళ్లుంటారు. అదే అసలు తప్పు. పడిన క్షణంలో ఆ చుట్టలన్నీ వదులు తాడే, పైగా వేళ్లు ఇరుక్కుంటాయి. చుట్టడం కాదు, ఆగండి. ముందువాడు సాగాక కదలండి.

వదులు ఎక్కువగా వచ్చేది మూడు చోట్ల. మొదటిది మలుపు. ముందువాడు తిరగగానే వెనకవాడి నడక తగ్గాలి. రెండోది విశ్రాంతి. నీళ్లు తాగడానికి, ఫొటోకి అందరూ ఒకచోట చేరతారు. అక్కడే కింద బోలుగా ఉంటే నలుగురూ పోతారు. ఎవరి చోట వాళ్లే ఆగి తాగండి. మూడోది క్యాంపు. చేరామన్న ధీమాతో తాడు విప్పేస్తారు. ముందువాడు గుడారాల జాగా అంతా ప్రోబ్‌తో (మంచు లోతు చూసే పొడవాటి కడ్డీ) గుచ్చి చూసి సరే అనేదాకా ఎవరూ విప్పకూడదు.

క్రెవాస్‌లను ఎప్పుడూ అడ్డంగా దాటండి. వాటి పొడవునా నడిస్తే నలుగురూ ఒకే పగులు మీద ఉండొచ్చు. మంచు మీద సన్నగా కుంగిన గీత, కాస్త మాసిన నీడ కనబడితే యాక్స్ పిడి గుచ్చి చూడండి. సగం దిగాక ఒక్కసారిగా అడ్డు లేకుండా జారిపోతే కింద ఖాళీ ఉన్నట్టే. రాత్రి గడ్డకట్టిన వంతెన ఎండకు మెత్తబడుతుంది. అందుకే శిఖరానికి అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో రెండింటికో బయల్దేరి, మధ్యాహ్నానికి ముందే గ్లేసియర్ దిగిపోవాలి.

ఎవరైనా పడితే వెనక్కి తిరిగి చూడకుండా అందరూ బోర్లా పడి యాక్స్‌ను మంచులోకి దించండి. ఆగాక ఇద్దరు పట్టుకుని ఉంటే, అందరికన్నా దూరంగా ఉన్నవాడు తాడుకు ప్రూసిక్ కట్టుకుని దగ్గరికొచ్చి యాంకర్ (తాడు బరువును మోసే ఆధారం) వేయాలి. లాగుడుకు అడ్డంగా మోకాలి లోతు కందకం తవ్వి, యాక్స్‌ను ముక్కు కిందికి ఉండేలా పడుకోబెట్టి, దాని బరువు సమంగా తూగే చోట స్లింగ్ బిగించి, మంచు కప్పి తొక్కాలి. స్లింగ్ బయటికొచ్చే సన్నటి కాలువ కూడా కందకమంత లోతుగా మొదలై పడ్డవాడి వైపు సాగాలి. అది పైపైన గీస్తే లాగగానే యాక్స్ పైకి లేచొస్తుంది. యాంకర్లు ఊడేది ఎక్కువగా దీనివల్లే.

ఇది నేర్చుకోవడానికి హిమాలయం దాకా పోనక్కర్లేదు. రుషికొండ బీచ్‌లో తడి ఇసుకలో రెండడుగుల వెదురు కర్రను ఇలాగే పాతి నలుగురూ లాగండి. కాలువ లోతుగా తీసినప్పుడు కర్ర కదలదు, పైపైన తీస్తే ఇసుక చీల్చుకుని పైకొస్తుంది. రెండూ చేసి చూడండి. మెత్తగా ఉంది కదా అని ఎర్రమట్టి దిబ్బల్లో తవ్వకండి, అది రక్షిత ప్రాంతం.

యాంకర్ వేశాక బరువున్న తాడుకు ప్రూసిక్ కట్టి యాంకర్‌కు తగిలించి, పట్టుకున్నవాళ్లు మెల్లగా, అంగుళం అంగుళంగా బరువు వదలాలి. అంచు దగ్గర తాడు మంచును కోసుకుని లోపలికి దిగిపోతుంది. లాగేముందు దాని కింద బ్యాగో యాక్సో పెట్టి, అది జారిపోకుండా కట్టండి. బయటికి తీసినవాడికి ముందు పొడి బట్టలు, వేడి తాగుడు, ఆపైనే ప్రశ్నలు.

ఇంటికొచ్చాక తాడును నీడలో ఆరబెట్టండి. విశాఖ ఉప్పుగాలికి కారాబైనర్ల గేట్లు బిగుసుకుంటాయి, క్రాంపాన్లు తుప్పు పడతాయి. మంచినీళ్లతో కడిగి తుడిచాకే పెట్టెలో పెట్టండి. క్రాంపాన్లకు కొద్దిగా నూనె రాయండి, ఆ నూనె తాడుకు మాత్రం తగలనివ్వకండి.