ఇంటి ఖాతా పుస్తకం – ఆరవ పాఠం: చేతికిచ్చినా బ్యాంకుకు చేరని చెక్కులు

చెక్కు రాసిన రోజునే దాని నంబరు, తేదీ, పుచ్చుకున్నవారి పేరు, మొత్తం మన పుస్తకంలోకి ఎక్కించి, నిల్వలోంచి తీసివేయడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠానికి ఆ పట్టికలో మరొక గడి గీసుకుని, దానికి ‘బ్యాంకులో పడిన తేదీ’ అని పేరు పెట్టండి. పాస్‌బుక్కులో ఆ చెక్కు నంబరు కనిపించిన రోజున మాత్రమే ఆ గడిని నింపాలి. ఖాళీగా మిగిలిన ప్రతి గడికీ ఎదురుగా ఉన్నది బయట ఉన్న చెక్కు, అంటే మనం ఇచ్చేసినా పుచ్చుకున్నవారు ఇంకా తమ ఖాతాలో వేసుకోని చెక్కు. ఈ డబ్బు మనది కాదు. కానీ బ్యాంకు దానిని మనదిగానే చూపిస్తూ ఉంటుంది. సెల్‌ఫోనులో కనిపించే నిల్వను చూసి ఖర్చు పెట్టేవారికి చిక్కు వచ్చేది ఇక్కడే.

ఎంతకాలం బయట ఉండవచ్చునన్న దానికి హద్దు ఉంది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2012 ఏప్రిల్ 1 నుంచి, చెక్కు మీద వేసిన తేదీ మొదలు మూడు నెలలు దాటితే బ్యాంకు దానికి డబ్బు చెల్లించదు. అంతకుముందు ఆరు నెలల గడువు ఉండేది. కొందరు చెక్కులను నోట్లలాగా చేతులు మారుస్తూ తిప్పుతున్నారన్న కారణంతో దానిని సగానికి తగ్గించారు. ఇక చెక్కు ఒకసారి బ్యాంకుకు చేరిందంటే ఇప్పుడు ఆలస్యం చాలా తక్కువ. 2025 అక్టోబరు 4న మొదలైన కొత్త పద్ధతిలో పగటిపూట నిర్ణీత వేళల్లో వచ్చిన చెక్కులను బ్యాంకులు అప్పటికప్పుడే స్కాన్ చేసి క్లియరింగుకు, అంటే చెక్కు రాసినవారి బ్యాంకు నుంచి డబ్బు రాబట్టడానికి, పంపుతున్నాయి. చెల్లించవలసిన బ్యాంకు ఆ సాయంత్రం 7 గంటలలోపు ఔననో కాదనో చెప్పాలి. కాబట్టి రెండు నెలలుగా గడి ఖాళీగా ఉందంటే చెక్కు క్లియరింగులో ఉందని అనుకోకండి. అది ఎవరి బీరువాలోనో, పుస్తకం మధ్యనో, తెరవని పెళ్లి కవరులోనో ఉంది.

పుచ్చుకున్నవారి ఆలస్యానికి కారణం సాధారణంగా బద్ధకం కాదని గుర్తుంచుకుంటే తరువాత చేయవలసిన పని సులువవుతుంది. అపార్ట్‌మెంటు సంఘంలో కోశాధికారి మారితే, కొత్తవారి సంతకం బ్యాంకులో నమోదయ్యేదాకా చెక్కులన్నీ ఒక ఫైలులో ఉండిపోతాయి. పింఛను రోజున తప్ప బ్యాంకు మెట్లు ఎక్కని పెద్దవారు ఉంటారు. అన్నిటికంటె ఎక్కువ తంటా పెళ్లి చదివింపుల చెక్కులతోనే: పెళ్లికూతురి ఖాతా పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, మనమేమో అత్తింటి ఇంటిపేరుతో చెక్కు రాస్తాం. ఆ పేరుతో ఖాతా లేక, మార్చి ఇమ్మని అడగడానికి మొహమాటపడి, వారు దానిని అలాగే దాచేస్తారు. చెక్కు రాసేముందే ‘ఖాతా ఏ పేరున ఉంది?’ అని అడగడంలో అమర్యాద ఏమీ లేదు; ఈ పాఠంలోని సగం కష్టం ఆ ఒక్క ప్రశ్నతో తప్పిపోతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. జూన్ 30న పాస్‌బుక్కులో నిల్వ 84,300 రూపాయలు, మన పుస్తకంలో నిల్వ 63,745 రూపాయలు అనుకుందాం. ఖాళీ గడులు నాలుగు కనిపించాయి: మార్చి 8న మేనకోడలి పెళ్లికి ఇచ్చిన 10,116, ఏప్రిల్ 12న అపార్ట్‌మెంటు సంఘానికి ఇచ్చిన 6,500, మే 5న గుడిలో అన్నదానానికి ఇచ్చిన 1,116, జూన్ 20న సంగీతం మాస్టారికి ఇచ్చిన 3,000. మొత్తం 20,732. దీనిని పాస్‌బుక్కు నిల్వలోంచి తీసివేస్తే 63,568 వస్తుంది. మన పుస్తకానికీ దీనికీ తేడా 177 రూపాయలు. ఇలాంటి చిన్న తేడా కనిపించినప్పుడు చెక్కులను మళ్లీ మళ్లీ కూడకుండా, ముందు బ్యాంకు తనంతట తాను తీసుకున్న రుసుములను వెదకండి. ఈ ఉదాహరణలో అది 150 రూపాయల రుసుము, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 27 రూపాయలు. దానిని ఖర్చుగా రాసుకుంటే రెండు లెక్కలూ కలుస్తాయి. నెలకొకసారి, పాస్‌బుక్కు అచ్చు వేయించిన రోజునే ఈ పని చేయాలి. మూడు నెలలవి కలిపి ఒకేసారి చేద్దామనుకుంటే అప్పటికి కొన్ని చెక్కుల గడువు దాటిపోయి ఉంటుంది.

ఆ నాలుగింటినీ ఒకే కంటితో చూడకూడదు. మాస్టారి చెక్కుకు పది రోజులే అయింది, దాని గురించి ఏమీ చేయనక్కరలేదు. గుడి చెక్కు రెండో నెల దాటబోతోంది. సంఘం చెక్కు జూలై రెండో వారంతో చెల్లకుండా పోతుంది గనుక ఈ రోజే మాట్లాడవలసినది దాని గురించే. నా అభిప్రాయంలో, ఆరు వారాలు దాటిన చెక్కు గురించి ఒకసారి, గడువుకు రెండు వారాల ముందు మరొకసారి గుర్తు చేస్తే సరిపోతుంది. ఆ మాటలో నిష్ఠూరం ధ్వనించకూడదు. ఉదాహరణకు, మాస్టారి చెక్కు కూడా ఆరు వారాలు దాటిందనుకుంటే, అవతలివారు పెద్దవారు గనుక ఇలా రాయవచ్చు: “మాస్టారూ, నమస్కారం. జూన్ 20న తమకు ఇచ్చిన 3,000 రూపాయల చెక్కు ఇంకా బ్యాంకుకు వచ్చినట్టు లేదు. సెప్టెంబరు మూడో వారం దాటితే అది చెల్లదు. పేరులో గాని, తేదీలో గాని పొరపాటు ఉంటే చెప్పండి, వెంటనే మార్చి ఇస్తాను. తమకు వీలనిపిస్తే ఖాతా నంబరు తెలియజేయండి, నేరుగా పంపిస్తాను.” తేదీ, మొత్తం, గడువు, వారికి ఉన్న దారులు అన్నీ అందులో ఉన్నాయి, ఎందుకు వేసుకోలేదన్న ప్రశ్న మాత్రం లేదు.

మేనకోడలి చెక్కు జూన్ మొదటి వారం దాటగానే చెల్లకుండా పోయింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. చెక్కు చెల్లకపోయినంత మాత్రాన బాకీ తీరిపోదు. సంఘం చెక్కు కాలం చెల్లినా 6,500 మనం ఇవ్వవలసినదే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 84వ సెక్షను ప్రకారం, చెక్కును తగిన సమయంలో సమర్పించనందువల్ల రాసినవారికి నిజంగా నష్టం కలిగితే, ఆ నష్టం మేరకే వారికి విముక్తి. ఖాతాలో డబ్బు భద్రంగా ఉన్నవారికి అలాంటి నష్టమేదీ లేదు. కానుక విషయంలో చట్టపరమైన బాకీ లేదు గాని, మేనమామ మాట ఉంది. అందుచేత పుస్తకంలో ఇలా రాయండి: 10,116ను నిల్వలో తిరిగి కలిపి 73,684 చేసి, అదే రోజున ‘ఇవ్వవలసినవి’ అనే పేజీలో మేనకోడలి పేరిట 10,116 ఎక్కించండి. రెండో పని చేయకుండా మొదటిది చేస్తే ఆ డబ్బు పండుగ ఖర్చులో కలిసిపోతుంది.

తిరిగి ఇచ్చేటప్పుడు పాత చెక్కు మీది తేదీనే దిద్ది, పక్కన పూర్తి సంతకం చేసి ఇవ్వవచ్చునా అని అడుగుతారు. స్కాన్ చేసి పంపే చెక్కుల మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు పనికిరావని రిజర్వు బ్యాంకు చెప్పినా, గడువు పొడిగించడానికి తేదీ మార్చడాన్ని మాత్రం మినహాయించింది; పేరు, మొత్తం మార్చాలంటే కొత్త చెక్కు రాయవలసిందే. అయినా పాతదానిని తిరిగి తీసుకుని, అడ్డంగా గీసి, కౌంటర్‌ఫాయిల్‌కు కుట్టి, కొత్తది రాయడమే నాకు మేలనిపిస్తుంది. కొత్త చెక్కు 50,000 రూపాయలో అంతకు మించో అయితే, 2021 జనవరి 1 నుంచి అమలులో ఉన్న పాజిటివ్ పే కింద దాని వివరాలను బ్యాంకుకు విడిగా తెలపండి.

గడువు మిగిలి ఉండగానే చెక్కు పోయిందని అవతలివారు చెబితే కథ వేరు. మొదట బ్యాంకుకు రాతపూర్వకంగా స్టాప్ పేమెంట్, అంటే ఆ చెక్కుకు డబ్బు చెల్లించవద్దన్న ఆదేశం, ఇచ్చి, అది నమోదైందని చూసుకున్న తరువాతనే రెండోసారి డబ్బు ఇవ్వాలి. వరుస తారుమారైతే రెండుసార్లు చెల్లించవలసి రావచ్చు. అయితే వారు ఆలస్యం చేస్తున్నారన్న విసుగుతో మాత్రం స్టాప్ పేమెంట్ జోలికి వెళ్లకండి, ఖాతా ఖాళీ చేయకండి. నిజమైన బాకీకి ఇచ్చిన చెక్కు గడువులోపల బ్యాంకుకు వచ్చి, డబ్బు రాక తిరిగిపోతే అది అదే చట్టం 138వ సెక్షను కిందికి, అంటే నేరం కిందికి, రావచ్చు; స్టాప్ పేమెంట్ ఇచ్చామన్నంత మాత్రాన దానినుంచి తప్పించుకోలేమని సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందాక 15 రోజుల్లో చెల్లించకపోతే కేసు, రుజువైతే రెండేళ్ల దాకా జైలు గాని, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా గాని, రెండూ గాని.

బ్యాంకు మారినప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిన తరువాత పాత చెక్కులు కొంతకాలమే నడిచాయి. ఖాతా మూసేముందు బయట ఉన్న చెక్కులన్నీ వచ్చేదాకా ఆగండి. ఇంట్లో పెద్దవారి ఖాతాను మీరు చూస్తున్నట్లయితే ఇంకొక సంగతి: ఖాతాదారు మరణవార్త తెలిసిన తరువాత వారు రాసిన చెక్కును బ్యాంకు చెల్లించదు.

అమెరికాలో ఉన్న పాఠకులకు ఒక హెచ్చరిక. అక్కడ ఆరు నెలలు దాటిన చెక్కును చెల్లించవలసిన బాధ్యత బ్యాంకుకు లేదు, కానీ సద్బుద్ధితో చెల్లిస్తే అది తప్పు కాదు. అందువల్ల గడువు దాటిందని అక్కడ ధీమాగా ఉండకూడదు. రాతపూర్వక స్టాప్ పేమెంట్ కూడా ఆరు నెలలే నిలుస్తుంది. చెక్కు చేతికి తిరిగి రాకపోతే ఆ ఆదేశాన్ని పొడిగించుకోవాలి.

అభ్యాసం: ఆగస్టు 31న పాస్‌బుక్కు నిల్వ 52,400. ఖాళీ గడులు మూడు: మే 20 నాటి 4,000, జూలై 2 నాటి 2,516, ఆగస్టు 25 నాటి 12,000. పుస్తకంలో నిల్వ ఎంత ఉండాలి, నిశ్చింతగా ఖర్చు పెట్టదగినది ఎంత? కాగితం మీద చేసిన తరువాతే ముందుకు చదవండి.

మే 20 నాటి చెక్కు కాలం చెల్లింది గనుక అది ‘ఇవ్వవలసినవి’లోకి వెళ్లింది, బయట ఉన్నవి 14,516. పుస్తకంలో నిల్వ 37,884, ఖర్చు పెట్టదగినది 33,884. మీకు రెండూ ఒకే అంకెగా వస్తే, మే 20 నాటి చెక్కును ఏ పేజీలో రాశారో మళ్లీ చూడండి.