పాత కంపెనీ వైర్‌లెస్ సెట్‌ని హామ్స్ (సరదా కోసం రేడియో నడిపేవాళ్లు) వాడే 2 మీటర్ల బ్యాండ్‌కి తెస్తుంటే వచ్చే సమస్యలు, పరిష్కారాలు

ఫ్యాక్టరీలు, ట్యాక్సీ కంపెనీలు తీసిపారేసిన మోటరోలా జీఎం300 లాంటి సెట్లు స్క్రాప్‌లో దొరికితే వదలకండి, గట్టి సెట్లు. కాకపోతే డబ్బులిచ్చే ముందు వెనక లేబుల్ మీద మోడల్ నంబర్ చూడండి, వీహెచ్ఎఫ్‌లోనే 136-162 మెగాహెర్ట్జ్‌ది ఒకటి, 146-174ది ఒకటి ఉన్నాయి, 2 మీటర్ల బ్యాండ్‌కి మనకి కావాల్సింది 144-146 కాబట్టి మొదటిది దొరికితే సగం తలనొప్పి ఉండదు. హామ్ లైసెన్స్ ఉందనుకునే ఇదంతా చెప్తున్నా.

సాఫ్ట్‌వేర్ సెట్‌ని చదవట్లేదు: జీఎం300 సాఫ్ట్‌వేర్ డాస్ కాలం నాటిది, ఇప్పటి ఫాస్ట్ కంప్యూటర్లో టైమింగ్ తప్పుతుంది. నిజమైన సీరియల్ పోర్ట్ ఉన్న పాత డొక్కు పీసీ వెతకండి, మధ్యలో రిబ్ బాక్స్ (పీసీ సిగ్నల్‌ని సెట్‌కి సరిపోయేలా మార్చే డబ్బా) పెట్టండి. జీఎం338 లాంటి తర్వాతి సెట్లకి విండోస్ సాఫ్ట్‌వేరే, అక్కడ ఇబ్బంది ఎక్కువగా నకిలీ చిప్ ఉన్న చవక యూఎస్‌బీ కేబుల్‌తో. చదవగానే ఒరిజినల్ కోడ్‌ప్లగ్ (సెట్ లోపలి సెట్టింగుల ఫైల్) సేవ్ చేసి, పాత చానెళ్లన్నీ తీసేయండి, పొరపాటున ఏ సెక్యూరిటీ వాళ్ల చానెల్లోనో పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కితే గొడవే.

ఫ్రీక్వెన్సీ రాశాక ఆగకుండా బీప్: వీసీఓ (ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్) లాక్ అవ్వట్లేదు, అంటే ఆ ఫ్రీక్వెన్సీ మీద నిలబడట్లేదు. 146-174 సెట్‌ని కిందికి లాగితే 145 పైన చాలాసార్లు పనిచేస్తుంది, 144 వైపు వచ్చేసరికి మొండికేస్తుంది. రిసీవ్, ట్రాన్స్‌మిట్ రెండూ విడిగా టెస్ట్ చేయండి, ఒకటి లాకైనా ఇంకోటి అవ్వకపోవచ్చు. 145.500లో సింప్లెక్స్‌కి (సెట్ నుంచి సెట్‌కి నేరుగా మాట్లాడటానికి) సరిపోతే అక్కడితో ఆపేయండి, దానికోసం బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టడం నా లెక్కలో దండగ.

మీ గొంతు సన్నగా ఉందంటున్నారు, అవతలివాళ్లది మీకు పగిలినట్టు వినిపిస్తోంది: ఇది చాలామంది మైక్ పాడైందనుకుని మైక్ మార్చేస్తారు, అసలు కారణం చానెల్ వెడల్పు 12.5 కిలోహెర్ట్జ్‌లో ఉండటం. అందులో డీవియేషన్ (గొంతుని బట్టి ఫ్రీక్వెన్సీ అటూఇటూ జరిగే మేర) 2.5 కిలోహెర్ట్జ్ వరకే, మన హామ్స్ 5 వాడతారు కదా, అందుకే మీది తగ్గిపోతుంది, వాళ్లది మీ ఇరుకు ఫిల్టర్లో పట్టదు. సాఫ్ట్‌వేర్లో 25కి మార్చగలిగితే రెండూ ఒక్కసారే పోతాయి. కొన్ని సెట్లు నారో ఫిల్టర్‌తోనే తయారయ్యాయి, వాటికి సెట్టింగ్ మార్చితే చాలదు.

రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) తెరుచుకోవట్లేదు: షిఫ్ట్ (వినే ఫ్రీక్వెన్సీకీ పంపే ఫ్రీక్వెన్సీకీ తేడా) మైనస్ 600 కిలోహెర్ట్జ్ ఉందా, ట్రాన్స్‌మిట్ టోన్ (మాటతో పాటు వెళ్లే గుర్తు శబ్దం) రిపీటర్‌ది పెట్టారా చూడండి. అసలేమీ వినపడకపోతే పాత ఓనర్ పెట్టిన రిసీవ్ టోన్ అలాగే ఉండుంటుంది, తీసేయండి.

పీటీటీ నొక్కితే సెట్ ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోంది: సప్లై చాలట్లేదు. 25 వాట్ల సెట్ 13.6 వోల్ట్స్‌లో ఆరేడు ఆంప్స్ లాగుతుంది, సన్న వైరు అక్కడే వోల్టేజ్ తినేస్తుంది. నిమిషం మాట్లాడాక కట్ అవుతుంటే మాత్రం అది టైమ్ అవుట్ టైమర్, పెంచుకోండి చాలు.

పవర్ సరిగ్గానే ఉన్నా ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత) ఎక్కువ వస్తే సెట్‌తో పాటు వచ్చిన యాంటెన్నా 160 చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీకి కోసినది అయ్యుంటుంది. క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో పావు వంతు) అక్కడ సుమారు 45 సెంటీమీటర్లు, 145కి 49 కావాలి, కాబట్టి కొత్త రాడ్ కొంచెం పొడుగ్గానే తెచ్చుకుని మీటర్ చూస్తూ కొద్దికొద్దిగా కోయండి.